వాల్వ్ లేని రేడియేటర్

ఆ చలికాలం మా ఇంట్లో, వేడినీళ్ళతో గదిని వెచ్చబెట్టే ఒక రేడియేటర్‌కి వాల్వ్ పెట్టకూడదని పట్టుబట్టినవాణ్ణి నేనే. పెట్టినవాణ్ణీ నేనే. ఆ రెంటికీ మధ్య గడిచింది ఆరేడు వారాలు.

రెండు వేల పది అది. దేశమంతటా ఇళ్ళు కట్టడం ఆగిపోయింది. ఇరవై ఏళ్ళుగా కొత్త ఇళ్ళకి గొట్టాలు బిగిస్తూ బతికినవాణ్ణి, ఒక్క నెలలో చేతిలో పని లేకుండా పోయింది. అథ్లోన్ పట్టణంలో అద్దె గది ఖాళీ చేసి, పనిముట్ల వ్యానుతో సహా రోస్కామన్ జిల్లా పల్లెలో అమ్మ ఇంటికొచ్చి పడ్డాను. ఇంట్లో అమ్మ అట్రాక్టా, ఎనభై నాలుగేళ్ళు. మా అన్నయ్య మలాకీ, నా కన్నా పన్నెండేళ్ళు పెద్ద. పెళ్ళి చేసుకోలేదు, పశువులూ, పొలమూ, అమ్మా, అంతే అతని లోకం.  

అక్టోబరు నడుమ ఒక పొద్దున ట్రాక్టరు వెనక తొట్టిలో నల్లటి ఇనప పొయ్యి ఒకటి వేసుకొచ్చి పెరట్లో దింపాడు. దాని కడుపులోనే నీళ్ళ బాయిలర్ ఉంటుంది.

"ఒరేయ్ ఫెలిం, నీకు పని దొరికిందిరా. దీన్ని మన పాత గొట్టాలకి తగిలించు. చిత్తడి నేలలో తవ్వి తీసిన మన టర్ఫ్ మట్టి మనకుంది, కట్టెల్లా మండేట్టు ఎండబెట్టిన పెళ్ళలు గోడెత్తు పేర్చి పెట్టా. ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్‌కి ఆయిల్ తెచ్చిపోసే ఆ లారీ ఇక మన గేటు దాటకూడదు."

"తగిలిస్తాలే అన్నయ్యా. కానీ ఇది అంత తేలిక్కాదు."

"ఏం? గొట్టం గొట్టం కలపడమేగా?"

"ఆయిల్ బాయిలర్‌కి మీట ఉంటుంది. నొక్కితే ఆరిపోద్ది. టర్ఫ్ మంటకి మీటేది?"

"నీళ్ళు పోస్తే ఆరదూ?"

"పోసి చూడు. ఇనుం పగిలి నీ మొహానే పడుద్ది."

అమ్మ కిటికీ దగ్గర కూర్చుని బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది. ఆమెకి అర్థమయ్యేట్టు చెబుదామని కెటిల్ చేతిలోకి తీసుకున్నాను.

"అమ్మా, దీని మూతీ మూతా రెండూ బిగించేసి మంట మీద పెడితే ఏమవుద్ది?"

"పేలుద్ది. మీ నాన్న ఒకసారి పాలడబ్బా అలాగే పేల్చాడు."

"అదీ సంగతి. పంపు తిరిగినంతసేపు వేడినీళ్ళు ఇంట్లో అన్ని రేడియేటర్లకీ పోతాయి. కరెంటు పోయిందనుకో, పంపు ఆగుద్ది, మంట ఆగదు. అప్పుడు ఆ వేడి పోవడానికి ఒక దారి ఎప్పుడూ తెరిచి ఉండాలి. పంపు అక్కర్లేని దారి."

ఆ దారి కోసమే అమ్మ గది ఎంచుకున్నాను. వంటింటి పొయ్యికీ ఆమె గదికీ మధ్య ఒక్కటే గోడ. వేడినీళ్ళు తమంతట తామే పైకి ఎక్కుతాయి కాబట్టి, ఆ గదిలో పైకప్పుకి జానెడు కింద ఒక రేడియేటర్ తగిలించాను. దానికి వాల్వ్ పెట్టలేదు. పెట్టకూడదు. ఎవరూ ఎప్పుడూ మూయడానికి వీల్లేకుండా ఉండాలనేదే దాని ధర్మం. పొయ్యి నుంచే వేరుగా ఇంకో సన్నటి గొట్టం, దాని పక్కగా, పైకప్పులోంచి అటకలోని నీళ్ళ తొట్టి మీదకి తీశాను. నీళ్ళు మరిగిపోతే ఆవిరి బయటికి పోవడానికి. ఇవి రెండూ సరిగ్గా ఉంటే ఆ పొయ్యి పసిపిల్లంత సాధువు.

పని చూడ్డానికి పక్కింటి డెలియా వచ్చింది. పక్కిల్లంటే మూడు పొలాల అవతల. డెబ్బై దాటిన విధవరాలు, అమ్మకి యాభై ఏళ్ళ స్నేహం. మా చుట్టుపక్కల ఎవరు పోయినా కడిగి, బట్టలు తొడిగి, తల దువ్వి పడుకోబెట్టేది ఆమే. నాకు చిన్నప్పట్నుంచీ పిన్ని.

"ఏంటయ్యా ఫెలిం, అంత ఎత్తున పెట్టావ్? మీ అమ్మేమన్నా పైకప్పుకి అతుక్కుని పడుకుంటదా?"

"నీలాంటి గబ్బిలాలొస్తే వేలాడ్డానికి పెట్టించాలే" అంది అమ్మ.

"అయితే నా చోటు ముందే చెప్పి ఉంచు. కిటికీ వైపు నాది."

మొదటిసారి అంటించిన రోజు నేను గొట్టాల మీద చెయ్యేసి వేడి ఎంత దూరం వచ్చిందో చూస్తూ ఇల్లంతా తిరిగాను. అరగంటలో పై రేడియేటర్ చెయ్యి కాలేంత వేడెక్కింది. పంపు ఆపి చూశాను. అయినా వేడెక్కుతూనే ఉంది. ఇరవై ఏళ్ళలో వందల ఇళ్ళకి గొట్టాలు బిగించాను కానీ, ఏ ఇంట్లోనూ ఆ రాత్రి ఎవరు వెచ్చగా పడుకుంటారో నాకు తెలియదు. ఇక్కడ తెలుసు. గర్వంగా ఉండింది, దాచుకోవడం దేనికి.

వారం తిరక్కుండా అమ్మ ఎప్పుడూ వేసుకునే రెండో స్వెట్టర్ విప్పి తలుపు మేకుకి తగిలించింది.

"పొయ్యి ముందు కూర్చుంటే ఇన్నేళ్ళూ మోకాళ్ళు కాలేవి, వీపు గడ్డకట్టేదిరా" అంది. "వెనకనుంచి వెచ్చగా ఉండడం ఎలా ఉంటుందో ఇప్పుడే తెలిసింది. దీన్ని కట్టేయడానికి ఏమీ లేదా?"

"లేదమ్మా."

"మంచిదయింది. ఉంటే మీ అన్న కట్టేసేవాడు."

మలాకీ పేపర్లో పేజీ తిప్పాడు.

నవంబరు చివరి శనివారం మంచు మొదలైంది. మా దగ్గర మంచు పడ్డం అరుదు, పడినా మర్నాటికి నీళ్ళు. ఈసారి కరగలేదు. మైనస్ పది, మైనస్ పన్నెండు. పశువుల తొట్లలో నీళ్ళు రాయైపోయాయి. మలాకీ గొడ్డలితో కొట్టి పగలగొట్టేవాడు. ఆయిల్ ట్యాంకు అడుగంటి నెల అయింది, మళ్ళీ నింపించలేదు. ఊళ్ళో సగం ఇళ్ళలో జనం కోట్లు వేసుకుని పడుకుంటుంటే, మా ఇంట్లో అమ్మ ఒంటి స్వెట్టర్‌తో తిరుగుతోంది.

మంగళవారం మధ్యాహ్నం మూడింటికి టీ తీసుకెళ్ళాను. మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది. రెండుసార్లు పిలిచాను. చెయ్యి పట్టుకుంటే వెచ్చగా ఉంది. అమ్మయ్య అనుకున్నాను. ఆ తరవాత తట్టింది, ఆ గదిలో బల్లా, గోడా, మంచం కోడూ, అన్నీ అంతే వెచ్చగా ఉన్నాయని. ఎప్పుడు పోయిందో ఆ చెయ్యి పట్టుకుని చెప్పలేకపోయాను.

డెలియా పిన్ని మోకాలెత్తు మంచులో నడుచుకుంటూ వచ్చింది. అమ్మని ఒక్కతే కడిగింది. నీలం గౌను తొడిగి, వేళ్ళకి జపమాల చుట్టి, చావింట్లో మా వైపు ఆనవాయితీ ప్రకారం అద్దం మీద దుప్పటి కప్పి, గడియారం ఆపింది. ఏడవలేదు. మధ్యమధ్యలో అమ్మతో మాట్లాడుతూనే ఉంది. "ఇటు తిరుగు అట్రాక్టా, మొండికేయకు."

అంత్యక్రియలు చూసే పట్టణం మనిషికి ఫోన్ చేశాం. రోడ్లన్నీ అద్దంలా ఉన్నాయి, శవపేటిక తేవడానికే రెండు రోజులు పడుతుంది, శరీరం పాడవకుండా మందెక్కించే మనిషి రానే రాలేడు అన్నాడు. "ఇంత చలి ఉంది కదండీ, ఏం ఫరవాలేదు. ఆ గదిలో వేడి ఆపేసి కిటికీ తెరవండి, అది చాలు." గొయ్యి తవ్వడానికి వెళ్ళిన పక్క రైతులు గడ్డపారలు వంగిపోయాయని తిరిగొచ్చారు. శనివారానికి గానీ కాదన్నారు. మంగళవారం నుంచి శనివారం దాకా అమ్మ ఆ గదిలో ఉండాలి.

కిటికీ బార్లా తెరిచాం. గంట గడిచాక వెళ్ళి చూస్తే, కిటికీ దగ్గర చలి, మంచం దగ్గర ఉక్క. పైనుంచి ఆ రేడియేటర్ కుమ్మరిస్తూనే ఉంది. డెలియా పిన్ని మా ఇద్దర్నీ నడవలోకి పిలిచి గొంతు తగ్గించింది.

"యాభై ఏళ్ళుగా చేస్తున్నా నాయనా ఈ పని. చెప్పక తప్పదు కాబట్టి చెబుతున్నా. గది ఇలాగే ఉంటే మీ అమ్మ రేపు సాయంత్రం దాకా ఆగదు. పడమటి గదిలోకి మారుద్దామా?"

"ఆ గదిలోకా? వానకి గోడలు పెచ్చులూడి, బూజు వాసన. నాన్న ఈ మంచం మీదినుంచే వెళ్ళాడు" అన్నాడు మలాకీ. "నాయనమ్మా ఇక్కణ్ణించే. అమ్మని మూల గదిలో పడేస్తామా?"

"అయితే పొయ్యి ఆర్పేద్దాం" అన్నాను.

"ఆర్పి? అమ్మని కడసారి చూడ్డానికి నాలుగు రోజులు జనం మంచులో పడి నడిచొస్తారు. ముసలివాళ్ళొస్తారు. వాళ్ళని గడ్డకట్టిన ఇంట్లో కూర్చోబెడతావా? ఆయిల్ చుక్క లేదు. ఆ రేడియేటరొక్కటి ఆపు."

"దానికి వాల్వ్ లేదు."

"పెట్టు."

"పెట్టకూడదు అన్నయ్యా. నీకు చెప్పాగా."

"ఇరవై ఏళ్ళు గొట్టాలు బిగించానంటావ్. ఒక్క రేడియేటర్ ఆపడం చేతకాదా? ఇంకెందుకురా ఆ వ్యాను, ఆ డబ్బా?" అని, గొంతు మార్చి అన్నాడు. "రేపు జనం ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని అమ్మ గదిలోకి వస్తుంటే, గుమ్మంలో నించుని చేతులు కలుపుతావా? నా వల్ల కాదు."

నా వల్లా కాదు. అతని కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఆ మాటకి నేను ఓడిపోయాను, అంతకుముందు చేతకాదన్న మాటకి సగం ఓడిపోయి ఉన్నాను.

పొయ్యిలో నిప్పుల్ని పారతో బకెట్లోకి తోడి పెరట్లో మంచు మీద గుమ్మరించాను. నీళ్ళు దించాను. అమ్మ మంచం తలవైపు, భుజమెత్తున గోడలోంచి గొట్టం పైకెళ్ళే చోట కోసి, వ్యాన్లో ఉన్న మామూలు ఇత్తడి వాల్వ్ ఒకటి బిగించాను. ఎర్ర పిడి ఉన్నది. మళ్ళీ నీళ్ళు నింపి, మంట వేసి, పిడి చివరంటా తిప్పి మూసేశాను. ముప్పావుగంట పట్టలేదు. అమ్మ పక్కనే పడుకుని ఉంది. పని చేసినంతసేపూ ఆమె వైపు చూడలేదు నేను.

"పంపు తిరుగుతున్నంతసేపు భయం లేదు. వేడంతా మిగతా గదుల్లోకి పోద్ది. పంపు మాత్రం ఆగకూడదు" అని మలాకీకి చెప్పాను.

"చూశావా మరి" అని భుజం తట్టాడు. నాకు తెలిసి అతను నా భుజం తట్టడం అదే మొదటిసారి.

ఇంకో సంగతి ఉంది. అటకలోకి పోయే ఆవిరి గొట్టాన్ని ఇన్నాళ్ళూ గడ్డకట్టకుండా కాపాడింది ఆ రేడియేటర్ వేడే. ఇప్పుడా వేడి లేదు. పైకెక్కి దానికి పాత దుప్పటి చుట్టాలి. అనుకున్నాను. నిజంగానే అనుకున్నాను. అప్పటికే గేటు దగ్గర మొదటి ట్రాక్టరు ఆగి, వృద్ధ దంపతులు మెల్లగా దిగుతున్నారు. తరవాత చుట్టొచ్చులే అనుకున్నాను.

మూడు రోజులు జనం వస్తూనే ఉన్నారు. వంటింట్లో నిలబడ్డానికి చోటుండేది కాదు. హామ్ సాండ్‌విచ్‌లు, పళ్ళ కేకులు, ఎవరు తెచ్చారో తెలియని మూడు పళ్ళేల వండి చల్లార్చిన మాంసం, టీ మీద టీ. పొయ్యి ఎర్రగా మండుతుండేది. వచ్చినవాళ్ళు దాని ముందు చేతులు కాచుకుని, వీపు కాచుకుని, అప్పుడు అమ్మ గదిలోకి వెళ్ళేవాళ్ళు. లోపల ఊపిరి పొగలా కనిపించేంత చలి. అమ్మ మొహం చక్కగా ఉంది.

"నిద్రపోతున్నట్టే ఉంది."

"డెలియా చెయ్యి పడితే అంతే."

"ఇల్లు ఎంత వెచ్చగా పెట్టుకున్నారయ్యా! ఇదంతా నువ్వే బిగించావటగా ఫెలిం? మాకూ ఒకటి పెట్టి పెట్టకూడదూ?"

వసంతంలో వస్తానని ముగ్గురికి మాటిచ్చాను. అమ్మ శవం పక్క గదిలో ఉండగా నాకు పని దొరుకుతోందని సంతోషం కలిగింది. గంటకోసారి పంపు మీద చెయ్యేసి చూసేవాణ్ణి. చిన్నగా వణుకుతూ తిరుగుతుండేది. అటక గుర్తొచ్చేది. నిచ్చెన నడవలో వెయ్యాలి, నడవనిండా జనం. శుక్రవారం మైనస్ పద్నాలుగు అన్నారు రేడియోలో.

శనివారం పొద్దున పేటిక మూశారు. చర్చికీ, అక్కణ్ణించి శ్మశానానికీ అందరూ వెళ్తారు. కానీ శవం లేచిన ఇల్లు ఖాళీగా పెట్టకూడదు. ఎవరో ఒకరు ఉండి మంట ఆరకుండా చూడాలి, తిరిగొచ్చేవాళ్ళకి భోజనం సిద్ధం చెయ్యాలి. బంధువులు ఉండకూడదు, ఇరుగుపొరుగు ఉండాలి. డెలియా పిన్ని ఉంటానంది. యాభై ఏళ్ళ స్నేహితురాలి ఖననానికి వెళ్ళకుండా మా భోజనం కోసం ఉండిపోయింది.

"పిన్నీ, పొయ్యిలో ఒకేసారి రెండు పెళ్ళలకి మించి వెయ్యకు."

"ఏం?"

"ఊరికే. వేడెక్కువైపోద్ది."

"నాకు పొయ్యి చూసుకోవడం నేర్పుతావా, నిన్నగాక మొన్న పుట్టి? పో, మీ అమ్మ ఎదురుచూస్తోంది."

ఎందుకో చెప్పలేదు. చెబితే వాల్వ్ సంగతి చెప్పాలి. ఇంత బాగా బిగించావని మూడు రోజులు నన్ను మెచ్చుకున్న ఇంట్లో ఆ మాట నోటికి రాలేదు.

పేటిక ఎత్తేముందు అమ్మ గదిలో నిలబడ్డాం, మలాకీ ఒకవైపు, నేను ఒకవైపు, వెనక నలుగురు. ఆ ఎర్ర పిడి నా చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంది. ఇక ఆ గది చల్లగా ఉండాల్సిన పనిలేదు. నాలుగు తిప్పులు తిప్పితే తెరుచుకుంటుంది. చెయ్యి కదిపాను కూడా.

"ఎత్తు" అన్నాడు మలాకీ.

రెండు చేతులూ పేటిక కిందకి పోయాయి. తిరిగొచ్చాక తిప్పొచ్చులే అనుకున్నాను. మేం గుమ్మం దాటుతుండగా వెనక డెలియా పిన్ని, ఆచారం ప్రకారం, పేటిక ఆనించిన కుర్చీలు ఒకటొకటిగా బోర్లిస్తున్న చప్పుడు వినిపించింది.

చర్చి మా ఇంటికి నాలుగు మైళ్ళు. ట్రాక్టర్లు ముందు నడిచి దారి చేస్తే వెనక మేం. ఫాదర్ అమ్మ గురించి రెండు మంచి మాటలు, ఒక నవ్వించే మాట చెప్పాడు. ప్రసాదం పంచడం మొదలుపెట్టగానే దీపాలు ఆరిపోయాయి. హీటర్ల చప్పుడు ఆగిపోయింది. తీగల మీద మంచు పేరుకుని ఎక్కడో తెగి ఉంటాయి. జనం చిన్నగా గుసగుసలాడారు. ఫాదర్ కొవ్వొత్తి చేతిలోకి తీసుకుని, "అట్రాక్టాకి కరెంటు బిల్లంటే ఎప్పుడూ పడదు" అన్నాడు. అందరూ నవ్వారు.

నేను నవ్వలేదు. ఇక్కడ పోతే ఇంట్లోనూ పోయినట్టే. పంపు ఆగిపోయింది.

మొదటి వరసలో, నడవ పక్కన కూర్చున్నాను. లేచి నడుచుకుంటూ బయటికి పోవచ్చు. ఎవరిదైనా ట్రాక్టరు తీసుకుంటే ఇరవై నిమిషాలు. లెక్కలు వేసుకున్నాను. రెండు పెళ్ళలే కదా వేసి ఉంటుంది. అంత మంటకి నీళ్ళు మరగవు. మరిగినా ఆవిరి గొట్టం ఉంది. గొట్టం గడ్డకట్టి ఉంటే? మూడు రోజులకే కట్టదులే. మలాకీ నావైపు చూశాడు. అతనికీ తెలుసు, పంపు ఆగకూడదన్నానని. నేను కదల్లేదు. తల్లి పేటిక ముందునుంచి కొడుకు లేచి పోతే ఊరంతా ఏమనుకుంటుంది అని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే అంతే. కాసేపటికి మలాకీ తల తిప్పుకుని ముందుకి చూశాడు. ప్రసాదం కోసం వరసలో నించున్నాం.

శ్మశానంలో గంటన్నర పట్టింది. గొయ్యి అంచులు రాయిలా ఉన్నాయి, తాళ్ళు జారుతున్నాయి.

తిరిగొస్తుంటే గేటు దగ్గరనుంచే కనిపించింది. వంటింటి కిటికీ లేదు. దాని ముందు పెరట్లో మంచంతా నల్లగా మసి. తలుపు నేనే తోశాను. పొయ్యి తలుపు ఎగిరి ఎదురుగా గిన్నెల అలమరాలో దిగబడి ఉంది. గోడ కూలి అమ్మ గది కనిపిస్తోంది. బల్లమీద పరిచిన తెల్లగుడ్డా, ముప్పై మందికి పెట్టిన పళ్ళేలూ మట్టికొట్టుకుపోయాయి. డెలియా పిన్ని బల్లకీ గోడకీ మధ్య కూర్చుని ఉంది, పడిపోలేదు. మొహం మీద రెండు చేతులూ పెట్టుకుని ఉంది. వేళ్ళ సందుల్లోంచి చర్మం ఊడి వేలాడుతోంది.

"ఎవరు?" అంది. "అట్రాక్టావాళ్ళేనా? జాగ్రత్త నాయనా, కింద గాజుపెంకులున్నాయి."

అంబులెన్సు రావడానికి రెండు గంటలు పట్టింది.

అందరూ వెళ్ళాక, చీకటి పడకముందు, కూలిన గోడ దాటి అమ్మ గదిలోకి వెళ్ళాను. ఆ వైపు గోడ ముక్క నిలిచే ఉంది, దానికి గొట్టం, గొట్టానికి వాల్వ్. ఎర్ర పిడి నేను మూసినట్టే మూసి ఉంది. దాన్ని నాలుగు తిప్పులు తిప్పి తెరిచాను. ఆ ఇంట్లో నీళ్ళు లేవు, పొయ్యి లేదు. అయినా తెరిచాను. వెనక్కి తిరిగేసరికి మలాకీ గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎర్ర పిడి వైపు ఒకసారి చూసి, పక్కకి తప్పుకుని నాకు దారిచ్చాడు.

వారం తరవాత, పొయ్యి ఎందుకు పేలిందో పరిశీలించడానికి ఒక ఇంజినీరు వచ్చాడు. అటకెక్కి దిగాడు. "ఆవిరి గొట్టం గడ్డకట్టింది. కరెంటు పోయింది. రెండూ ఒకేసారి. ఈ చలిలో ఇలాంటివి ఇంకా విన్నాం" అన్నాడు. తరవాత ఆ వాల్వ్ దగ్గర ఆగాడు.

"ఇది ఎవరు పెట్టారు? దీనికి వాల్వ్ పెట్టకూడదు, తెలుసా?"

"తెలుసు" అన్నాను.

"సరేలే, తెరిచే ఉంది. దీనివల్ల వచ్చింది కాదు." కాగితం మీద రాసుకున్నాడు. మలాకీ నేల చూస్తూ నించున్నాడు. ఇంజినీరు కారు గేటు దాటాక ఒక్క మాటన్నాడు. "ఇక ఆ సంగతి ఎత్తకు. మంచు చేసిన పని." ఊరు కూడా అదే అంది.

కానీ ఒక మనిషి అలా అనలేదు. ఆమె గాల్వే ఆసుపత్రిలో ఉంది.

క్రిస్మస్‌కి వారం ముందు నన్ను రమ్మని కబురు పెట్టింది. నిజం చెప్పేద్దామనే వెళ్ళాను. దారి పొడుగునా ఆ మాటలు పైకే అనుకుంటూ వ్యాను నడిపాను. ఆమె మంచం కిటికీ పక్కన ఉంది. కళ్ళ మీదనుంచి గడ్డం దాకా కట్లు. ఎడమ కన్ను పోయింది, కుడికన్ను వస్తుందేమో చూడాలన్నారు. నేను దగ్గరికి వెళ్ళకముందే అడుగుల చప్పుడు పట్టేసింది.

"ఫెలిం, నువ్వేనా? కూర్చో నాయనా. నీకొకటి చెప్పాలి."

"నేనూ నీకొకటి చెప్పాలి పిన్నీ."

"ముందు నన్ను చెప్పనియ్. చెప్పకపోతే నా గుండె ఆగేట్టుంది." కట్టు కట్టని చెయ్యి గాల్లో వెతికింది. అందించాను. గట్టిగా పట్టుకుంది. "నువ్వు రెండే వెయ్యమన్నావు. నేను వినలేదు. మీరంతా ఆ మంచులో నించుని నించుని, ముసలోళ్ళు, వణుక్కుంటూ వస్తారని, ఇల్లు భగభగమని ఉండాలని... ఆరు వేశాను నాయనా. కరెంటు పోయాక ఇంకో రెండు. మీ అమ్మ ఇల్లు కూల్చేశాను. ఆమెని మట్టిలో పెట్టేలోపే ఆమె ఇల్లు కూల్చేశాను."

"పిన్నీ, అది కాదు..."

"నాకు ఊరడింపు మాటలొద్దు. వచ్చినవాళ్ళందరూ మంచు, మంచు అంటున్నారు. నాకు తెలీదూ? చేతులతో వేసిందాన్ని నేను. ఫాదర్ దగ్గర ఒప్పుకున్నాను. దేవుడు క్షమించాడన్నాడు. దేవుడి ఇల్లు కాదు కదా అది, మీది. నువ్వు కష్టపడి బిగించింది. నువ్వొక్కసారి క్షమించానంటే చాలు, నాకు ఈ రాత్రి నిద్రపడుతుంది."

నోరు తెరిచాను. ఇప్పుడే. ఇంతకన్నా మంచి సమయం ఉండదు. పొయ్యి ఎనిమిది పెళ్ళలు తట్టుకుంటుంది పిన్నీ, పది తట్టుకుంటుంది, దారి మూసింది నేను, మూసి నీకు చెప్పనిది నేను, చర్చిలో తెలిసీ కూర్చున్నది నేను. అన్నీ నాలుక చివర ఉన్నాయి. పక్క మంచం దగ్గర కూర్చున్న ఇద్దరు ఆడవాళ్ళు మాటలు ఆపి మావైపే చూస్తున్నారు. వాళ్ళెవరో నాకు తెలియదు. వసంతంలో వస్తానని మాటిచ్చిన మూడిళ్ళు గుర్తొచ్చాయి. మలాకీ గుర్తొచ్చాడు. ఇంత పిరికివాణ్ణని నాకు అప్పటిదాకా తెలియదు.

"క్షమించాను పిన్నీ" అన్నాను.

నా చెయ్యి లాక్కుని కట్ల మీద, నోరుండే చోట ఆనించుకుంది.

ఆమె ఇంకో తొమ్మిదేళ్ళు బతికింది. రెండో కన్ను కూడా రాలేదు. గోడ తిరిగి కట్టి, మళ్ళీ ఆయిల్‌కే మారాం. ఆదివారం మధ్యాహ్నాలు మలాకీ ఆమెని మా ఇంటికి తీసుకొచ్చేవాడు. ఎవరైనా కొత్తగా పొయ్యి పెట్టుకున్నామంటే చాలు, ముందు తనే అందుకునేది.

"పెళ్ళలు చూసి వెయ్యండమ్మా, నాలాగా చెయ్యకండి. ఈ అబ్బాయి చెప్పనే చెప్పాడు, నేనే వినలేదు. ఇల్లు కూల్చినా నన్ను పల్లెత్తు మాట అనలేదు. అంత మంచివాడు."

నేను ఆ గదిలోనే ఉండేవాణ్ణి. ఆమెకి కనపడదు కాబట్టి టీ కప్పు ఆమె చేతిలో పెట్టి, వేళ్ళు సరిగ్గా పట్టుకున్నాయో లేదో చూసి, అప్పుడు వదిలేవాణ్ణి.